ఆదరణ కూటంలో యోబు స్నేహితులు

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో చావు జరిగిన కొద్దిరోజులకు ఆదరణ కూటం పెడతారు. వీధిలో షామియానా, అద్దె కుర్చీలు, ఒక మైకు. అయ్యగారు (పాస్టరు) వాక్యం చెబుతారు, నాలుగు పాటలు పాడతారు, వచ్చినవాళ్లకు భోజనం పెట్టి పంపుతారు. కొన్నేళ్ల కిందట అలాంటి ఒక కూటంలో నేను చివరి వరుసలో కూర్చున్నాను. పోయినవాడు తొమ్మిదేళ్ల పిల్లవాడు. డెంగీ జ్వరం, ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. తల్లి గుమ్మం పక్కన చాప మీద కూర్చుంది. పిల్లవాడి స్కూలు టై ఆమె చేతిలో ఉంది. దాన్ని వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. గంటసేపు ఆమె చేసిన పని అదొక్కటే.

వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఆమె దగ్గర వంగి ఏదో ఒకటి చెప్పి వెళ్తున్నారు. "దేవుని చిత్తం అమ్మా, మనం ప్రశ్నించకూడదు." "దేవుడు తన తోటలోకి మంచి పువ్వును కోసుకున్నాడు." "నీ విశ్వాసానికి ఇది పరీక్ష, ధైర్యంగా నిలబడు." ఒకావిడ గొంతు బాగా తగ్గించి, "మీ ఆయన మందిరానికి సరిగా రావడం లేదు కదమ్మా, దేవుడు ఈ రకంగా పిలుస్తున్నాడేమో ఆలోచించుకోండి" అన్నది. టై చుడుతున్న చేయి ఆగిపోయింది.

ఆ మాటలు అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. రెండు రాత్రులు మేలుకుని ఆ ఇంట్లో గిన్నెలు కడిగినవాళ్లు, ఆసుపత్రి బిల్లుకు అప్పు తెచ్చిపెట్టినవాళ్లు వాళ్లలోనే ఉన్నారు. అయితే ఆ నాలుగు ఓదార్పులూ నాలుగు వేర్వేరు సిద్ధాంతాలు. ఒకదాని ప్రకారం కారణం దేవుడికి మాత్రమే తెలుసు. ఇంకొకదాని ప్రకారం కారణం మనకు కూడా తెలుసు, దేవుడు పువ్వుల మీద ఆశపడ్డాడు. మూడోది పరీక్ష అంటుంది. నాలుగోది శిక్ష అంటుంది, అదీ తండ్రి బద్ధకానికి కొడుకు ప్రాణం. ఒక్క గంటలో ఒకే దేవుడి పేరు మీద ఇన్ని కారణాలు చెబితే ఆ తల్లి దేన్ని పట్టుకోవాలి?

ఇక్కడ మూడు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయని నాకు అనిపిస్తుంది. ఇది ఎందుకు జరిగింది? తప్పు ఎవరిది? దేవుడు ఇంకా నావైపే ఉన్నాడా? మూడూ ఒకే ఏడుపులో బయటికి వస్తాయి కాబట్టి ఒక్క జవాబుతో మూడింటినీ చల్లార్చాలని చూస్తాం. బైబిలు మాత్రం వాటిని ఒక గాటన కట్టదు. మొదటిదానికి చాలాచోట్ల జవాబే ఇవ్వదు. రెండోది అడిగినవాళ్లను తరచుగా మందలిస్తుంది. మూడోదాన్ని ఎంత గట్టిగా అరిచి అడిగినా అడగనిస్తుంది. మనం సరిగ్గా దీన్ని తలకిందులు చేశాం. మొదటి రెండింటికీ గబగబా జవాబులు చెప్పేసి, మూడోదాన్ని మాత్రం "ప్రశ్నించకూడదు" అని నోరు మూయిస్తున్నాం.

ఏడు రోజుల మౌనం

బాధ గురించి మాట్లాడే క్రైస్తవులు ఎవరైనా చివరికి బైబిల్లోని యోబు దగ్గరికే వస్తారు. కానీ మనం ప్రసంగాల్లో వినే యోబు సగం యోబు. ఊజు దేశంలో ఉన్నవాడు, 7,000 గొర్రెలు, 3,000 ఒంటెలు, ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. ఒక్కరోజులో అన్నీ పోయాయి. అప్పుడు అతనన్న మాట తెలుగు క్రైస్తవుల సమాధుల రాళ్ల మీద కూడా కనిపిస్తుంది: "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను." గ్రంథంలో 42 అధ్యాయాలున్నాయి. ఆ మాట మొదటి అధ్యాయంలోనిది. మూడో అధ్యాయం మొదలయ్యేసరికి అదే మనిషి తను పుట్టిన రోజును శపిస్తున్నాడు. అక్కడి నుంచి ముప్ఫై అధ్యాయాలకు పైగా వాదన, ఆక్రోశం, దేవుణ్ణి కోర్టుకు ఈడుస్తానన్నంత కోపం. కొత్త నిబంధనలోని ఉత్తరాల్లో ఒకటైన యాకోబు పత్రిక పొగిడిన "యోబు సహనం" మనం అనుకునే మెత్తని ఓపిక కాదు. అక్కడి గ్రీకు మాటకు భారం కింద నిలిచి ఉండటం అని అర్థం. నిలిచి ఉన్నవాడు మూలగకూడదని ఆ మాటలో ఎక్కడా లేదు.

ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు దూరం నుంచి వచ్చారు. అతణ్ణి పోల్చుకోలేక ఏడ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటా మాట్లాడకుండా అతనితోపాటు నేల మీద కూర్చున్నారు. ఆ ఏడు రోజుల వరకు వాళ్లంత మంచి స్నేహితులు లోకంలో లేరు. ఎనిమిదో రోజున నోరు తెరిచారు, అక్కడ చెడింది. వాళ్ల మాటల్లో భక్తి లేక కాదు. విడివిడిగా చదివితే చాలా వాక్యాలు కీర్తనల్లోనో సామెతల్లోనో ఉండదగినవే. దేవుడు న్యాయవంతుడు, నీకు బాధ వచ్చింది, కాబట్టి నువ్వేదో చేశావు. ఒప్పుకో, బాగవుతుంది. ఇదే వాళ్ల వాదన సారం. పాతదేమీ కాదు, ఆ గుమ్మం దగ్గర కూడా విన్నాను. యోబు విసిగిపోయి, "మీరందరు బాధకే కర్తలుగాని ఆదరణకు కర్తలుకారు" అన్నాడు. ఆదరణ కూటం అనే పేరు పెట్టుకున్న మనం ఆ వాక్యాన్ని షామియానాకు కట్టుకుంటే బాగుండును.

తీర్పు చివరి అధ్యాయంలో వస్తుంది. దేవుడు ఎలీఫజుతో, "నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదు" అంటాడు. దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్లు దోషులయ్యారు. దేవుడి మీద కేసు పెట్టినవాడు సరిగా మాట్లాడినవాడయ్యాడు. ఎన్నిసార్లు చదివినా నాకు ఇక్కడ కుర్చీలో సర్దుకుని కూర్చోవాలనిపిస్తుంది. ముగ్గురూ దేవుడి గురించి మాట్లాడారు. యోబు ఒక్కడే దేవుడితో మాట్లాడాడు. తేడా అక్కడ ఉందని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు, నాకూ అదే సబబనిపిస్తుంది.

మధ్యలో సుడిగాలి నుంచి దేవుడు మాట్లాడిన నాలుగు అధ్యాయాలు మరో చిక్కు. "నేను భూమికి పునాదులు వేసినప్పుడు నీవు ఎక్కడ నుంటివి?" అని మొదలుపెట్టి కొండమేకల కాన్పులు, నిప్పుకోడి తెలివితక్కువతనం, యుద్ధపు గుర్రం సకిలింపు, నీటిగుర్రం, మకరం ఇలా లోకమంతా తిప్పి చూపిస్తాడు. మనిషే లేని ఎడారిలో కురిసే వాన గురించి అడుగుతాడు. యోబు అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం లేదు. మొదటి రెండు అధ్యాయాల్లో యోబును పరీక్షించడం గురించి దేవుడికీ అపవాదికీ (సాతానుకూ) మధ్య పరలోకంలో జరిగిన సంభాషణ పాఠకుడికి తెలుసు, యోబుకు తెలియదు. చివరి వరకూ ఎవరూ అతనికి చెప్పరు. "కన్నులార నిన్ను చూచుచున్నాను" అన్నాడే గాని, నాకు అర్థమైందని అనలేదు. అతనికి దక్కింది దర్శనం. వివరణ దక్కలేదు. ఈ రెంటికీ తేడా ఏమిటో వియోగంలో ఉన్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు మనకు కావలసింది రిపోర్టు చదివి చెప్పే మనిషి మాత్రమే కాదు, పక్కన కూర్చునే మనిషి కూడా.

కథ ముగింపులో అందరూ సంతోషపడే చోట కూడా ఒక మెలిక ఉంది. 7,000 గొర్రెలు 14,000 అయ్యాయి, 3,000 ఒంటెలు 6,000 అయ్యాయి. పిల్లలు మాత్రం మళ్లీ పదిమందే పుట్టారు. పశువులను రెట్టింపు చేసి లెక్క సరిచేయవచ్చు. పోయిన పిల్లల లెక్క ఎవరూ సరిచేయలేరని ఆ రచయితకు తెలుసు. యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అని తర్వాత పుట్టిన ముగ్గురు కూతుళ్ల పేర్లు రాశాడు. మొదటి పదిమంది పేర్లు ఎక్కడా లేవు.

గుండ్లకమ్మ ఒడ్డున అదే ప్రశ్న

గ్రంథం మొదట్లో అపవాది అడిగిన ప్రశ్న ఒకటుంది: "యోబు ఊరకయే దేవునియందు భయభక్తులు కలవాడాయెనా?" లాభం లేకపోతే ఎవరైనా దేవుణ్ణి నమ్ముతారా అని. మొత్తం గ్రంథానికి ఇదే ఇరుసు. ఈ ప్రశ్న మన నేల మీద ఒకసారి చాలా ఘాటుగా లేచింది.

1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని కరువు కాల్చేసింది. లక్షలమంది చనిపోయారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ సర్వే పని తెలిసినవాడు. బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని, కూలి ఇప్పించాడు. వచ్చినవాళ్లలో మాదిగలు ఎక్కువ. బాప్తిస్మం ఇమ్మని అడిగేవాళ్లు వందల్లో పెరిగారు. ఆయన ఇవ్వలేదు. గింజల కోసం నమ్ముతున్నారో దేవుడి కోసం నమ్ముతున్నారో తెలియదని, కరువు సహాయం జరుగుతున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ఆగిపోయిన తర్వాత కూడా జనం తిరిగి వచ్చారు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ అంకె తెలుగు బాప్టిస్టుల ఇళ్లలో పండుగలా చెప్పుకుంటారు. నాకు అంకె కన్నా ముందు గడిచిన నెలలే ఆసక్తిగా ఉంటాయి. వాళ్లలో ఎంతమంది దారిలో తల్లినో బిడ్డనో పూడ్చిపెట్టి వచ్చారో! మత మార్పిడి వెనక కులం, గౌరవం, ఆకలి, ఆశ అన్నీ ఉంటాయని చరిత్రకారులు వాదిస్తూనే ఉంటారు, వాదించాలి కూడా. మనిషి నమ్మకంలో ఒకే కారణం ఎప్పుడూ ఉండదు. అయినా కూలి లేదు, గింజ లేదు అని తెలిసి మళ్లీ నడిచి వచ్చినవాళ్లు అపవాది ప్రశ్నకు తమ కాళ్లతో ఏదో ఒక జవాబు చెప్పారు.

తిరగేసి చదివిన సూత్రం

మరి "మనుష్యుడు ఏమి విత్తునో ఆ పంటనే కోయును" అని బైబిల్లోనే ఉంది కదా? ఉంది. సామెతల గ్రంథం నిండా అదే ధోరణి. చిక్కు ఆ సూత్రంలో లేదు, దాన్ని తిరగేసి చదవడంలో ఉంది. విషం తాగితే చస్తారు. కానీ చచ్చినవాళ్లందరూ విషం తాగినవాళ్లు కారు. ఎలీఫజు చేసిన తప్పు ఇదే. పంటను చూసి విత్తనాన్ని ఊహించాడు.

యేసు శిష్యులు కూడా అదే చేశారు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, వీడు పాపం చేశాడా, వీని కన్నవాళ్లు చేశారా అని అడిగారు. "ఏ జన్మలో ఏ పాపం చేశానో", "పెద్దలు చేసింది పిల్లలకు తగిలింది" అనే మాటలు వింటూ పెరిగిన మనకు ఈ ప్రశ్న యెరూషలేములో అడిగినట్లు ఉండదు, పక్కింటి అరుగు మీద అడిగినట్లు ఉంటుంది. మతం మారినా అరుగు మారలేదు. కర్మ అనే మాట తీసేసి శాపం అనే మాట పెట్టుకున్నాం, అంతే. యేసు "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అన్నాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి ఎత్తి, వాళ్లు యెరూషలేములో మిగతా అందరికన్నా పాపులనుకుంటున్నారా అని ఎదురు అడిగి, కాదని చెప్పాడు. గోపురం ఎందుకు కూలిందో మాత్రం చెప్పలేదు. మేస్త్రీ తప్పో, పునాది తప్పో, భూమి కదిలిందో.

ఒక్కోసారి మేస్త్రీ తప్పే అయివుంటుంది. ఇది మన సంఘాల్లో చాలాసార్లు జారిపోయే విషయం. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. కోస్తాలో దళిత క్రైస్తవం ఎంత విస్తారమైనదో తెలిసినవాళ్లకు ఇది చర్చి గోడకు అవతలి సంగతి కాదు. ఇలాంటి చావును "దేవుని చిత్తం" అంటే హంతకుడి పని దేవుడి ఖాతాలో వేసినట్లే. కీర్తనలు అలా చేయవు. శత్రువును శత్రువనే పిలుస్తాయి, న్యాయం చేయమని అడుగుతాయి, ఆలస్యమైతే "ప్రభువా, మేల్కొనుము, నీవేల నిద్రించుచున్నావు?" అని కేక వేస్తాయి. 44వ కీర్తనలో ఉన్న ఈ మాటను మన ప్రార్థన కూటంలో ఎవరైనా సొంతంగా అంటే దైవదూషణ అని లేచి నిలబడేవాళ్లం.

తత్వవేత్తల దారి ఇంకొకటి ఉంది. చెడు అనేది సొంత ఉనికి ఉన్న వస్తువు కాదు, మంచి లోపించడమే అని అగస్టీన్ అన్నాడు. మనిషికి స్వేచ్ఛ ఇస్తే దాన్ని చెడుకు వాడే వీలూ ఇచ్చినట్లే అన్నది మరో వాదం. బాధ మనిషిని తీర్చిదిద్దుతుందన్నది ఇంకొకటి. దేవుడి న్యాయాన్ని సమర్థించే ఈ విద్యకు థియోడిసీ అని పేరు పెట్టింది జర్మన్ తత్వవేత్త లైబ్నిట్జ్, 1710లో. సరిగ్గా 45 ఏళ్లకు, 1755 నవంబరు 1న, పరిశుద్ధుల పండుగనాడు జనం చర్చిల్లో ఉండగా లిస్బన్ నగరాన్ని భూకంపం కూల్చింది. తర్వాత ఐరోపాలో ఆ విద్య మునుపటి ధీమాతో సాగలేదు. ఈ వాదాలు పనికిరానివని నేననను. తరగతి గదిలో వాటి విలువ వాటికుంది. గుమ్మం దగ్గర చాప మీద కూర్చున్న తల్లికి వాటిని వినిపించబోవడం ఎనిమిదో రోజు పని.

మందిరం తెలుగు, వీధి తెలుగు

ఇక్కడ మన భాష కూడా కొంత గందరగోళం చేస్తుంది, కొంత మేలూ చేస్తుంది. వీధిలో "శ్రమ" అంటే కష్టపడి పనిచేయడం. మందిరంలో శ్రమ అంటే బాధ, హింస. రెంటినీ కలిపేసుకుని, బాధను ఏదో మంచి ఫలితం కోసం చేసే కసరత్తులా మాట్లాడతాం. "శోధన" మరీ చిక్కు. యాకోబు పత్రిక ఒకే అధ్యాయంలో నానావిధాల శోధనల్లో పడితే ఆనందించమంటుంది, దేవుడు ఎవరినీ శోధించడనీ అంటుంది. గ్రీకులో ఒకే మాట పరీక్షకూ వర్తిస్తుంది, చెడుకు లాగే ప్రలోభానికీ వర్తిస్తుంది. సందర్భం చూసి విడదీయకపోతే, పిల్లవాడి జ్వరం దేవుడు పెట్టిన పరీక్ష అనీ సాతాను తెచ్చిన శోధన అనీ ఒకే ప్రార్థనలో చెప్పేస్తాం.

"కనిపెట్టు" అనే మాట చూడండి. వీధిలో దానికి కొత్తది కనుగొనడమని అర్థం. తెలుగు బైబిల్లో ఎదురుచూడటమని అర్థం. యోబు 13వ అధ్యాయంలో "ఆయన నన్ను చంపినను నేను ఆయనకొరకు కనిపెట్టుచున్నాను" అనే వాక్యం ఉంది. దీని హెబ్రీ మూలంలో ఒక విచిత్రం దాగి ఉంది. రాతప్రతిలో "లో" అనే చిన్న మాటను ఒక అక్షరంతో రాశారు, అలా రాస్తే "లేదు" అని అర్థం. పక్కన అంచులో లేఖకులు, దీన్ని ఇంకో అక్షరంతో చదవండి అని గుర్తు పెట్టారు, అలా చదివితే "ఆయన కోసం" అని అర్థం. ఉచ్చారణ రెంటికీ ఒకటే. చూపుకు "చంపుతాడు, నాకు ఆశ లేదు". చదువుకు "చంపినా ఆయన కోసం ఎదురుచూస్తాను". రాసింది చెరిపేసే ధైర్యం ఎవరూ చేయలేదు, రెండూ శతాబ్దాలుగా పక్కపక్కనే ఉన్నాయి. తలుపు మూసుకుని ఏడ్చి, ఆదివారం లేచి గుడికి వెళ్లే మనిషి గుండెలో ఉండేవి కూడా ఈ రెండు "లో"లే కదా!

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట "విశ్వాసం". మందిరంలో దాన్ని నమ్మకం అనే అర్థంలోనే వాడి వాడి, ఎంత గట్టిగా అనుకుంటే అంత విశ్వాసం అన్నట్లు చేశాం. వీధిలో ఆ మాటకు ఇంకా పాత అర్థం బతికే ఉంది. కుక్కకు విశ్వాసం ఉంటుందంటాం. ఉప్పు తిన్న ఇంటికి విశ్వాసంగా ఉండాలంటాం. అంటే విడిచిపోకపోవడం. హెబ్రీలో "ఎమూనా" అనే మాట దీనికి చాలా దగ్గర. నీతిమంతుడు విశ్వాసమూలంగా బతుకుతాడన్న హబక్కూకు ప్రవక్త ఆ మాటే వాడాడు. అదే హబక్కూకు గ్రంథాన్ని మొదలుపెట్టింది, నేను మొరపెట్టినా ఎన్నాళ్లు ఆలకించవు అన్న ఫిర్యాదుతో. నిర్గమకాండం 17లో కూడా ఎమూనా ఉంది, అక్కడ అది మోషే చేతుల గురించి. యుద్ధం జరుగుతుంటే మోషే పైకెత్తి ఉంచిన చేతులు బరువెక్కాయి. ఒక రాయి తెచ్చి అతణ్ణి కూర్చోబెట్టి, అహరోను ఒకవైపు, హూరు ఒకవైపు ఆ చేతులను పట్టుకున్నారు. పొద్దుగూకే వరకు అవి "నిలుకడగా" ఉన్నాయి. ఆ నిలకడకు వాడిన మాట ఎమూనా. అవి సొంత బలంతో నిలబడిన చేతులు కావు, ఇద్దరు పట్టుకుంటే నిలిచిన చేతులు. మనం ప్రతి ప్రార్థన చివర అనే "ఆమెన్" కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది.

అలా చూస్తే, అడగడం మానేయడం విశ్వాసం కాదు. లేచి వెళ్లిపోకుండా అక్కడే నిలబడి అడగడమూ విశ్వాసమే. 150 కీర్తనల్లో మూడోవంతుకు పైగా ఫిర్యాదు కీర్తనలే. ఎక్కువ భాగం ఏడుపుతో మొదలై స్తుతితో ముగుస్తాయి. 88వ కీర్తన మాత్రం అలా ముగియదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. చీకటి తర్వాత ఒక్క వాక్యం, ఒక్క హల్లెలూయ లేదు. ఎవరైనా పెద్దమనిషి చివర నాలుగు మంచి మాటలు చేర్చి ఉండవచ్చు, చేర్చలేదు. అలాగే ఆరాధన పుస్తకంలో ఉంచారు. ఇక సిలువ మీద యేసు అరిచిన మాట 22వ కీర్తనలోది: "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?" మన అనువాదకులు మార్కు సువార్తలో "చెయ్యి విడిచితివి" అన్నారు. సంతలో తప్పిపోయిన పిల్లవాడు అనే మాట అది. పైనుంచి జవాబు వచ్చినట్లు మార్కు రాయలేదు. ప్రశ్నించకూడదని ఆ తల్లికి చెప్పినవారు, క్రైస్తవం నడిబొడ్డున ఒక ప్రశ్న వేలాడుతోందని మరిచిపోయారు.

మిలేతులో ఆగిపోయిన త్రోఫిము

స్వస్థత కూటాల ప్రకటనలు చూసి పెరిగిన తరం మనది. బాగైనవాళ్లు వేదిక ఎక్కి సాక్ష్యం చెబుతారు. బాగుకానివాళ్లకు వేదిక లేదు. వాళ్లకు మిగిలేది "విశ్వాసం తక్కువైంది" అనే మాట. రోగం మీద ఇది రెండో రోగం. కొన్నిచోట్ల మందులు ఆపేయమనే వరకూ వెళ్తుంది, దాన్ని పాపమనకుండా వేరే పేరు పెట్టలేను.

పౌలు చేతుల మీద స్వస్థతలు జరిగాయని అపొస్తలుల కార్యాలు చెబుతుంది. అదే పౌలు తన చివరి ఉత్తరంలో, తన సహచరుడు త్రోఫిము రోగంతో ఉన్నందున అతణ్ణి మిలేతు అనే ఊళ్లో విడిచి వచ్చానని ఒక్క వాక్యం రాశాడు. వివరణ లేదు, సంజాయిషీ లేదు. తిమోతికి కడుపు జబ్బు ఉంటే, నీళ్లే కాకుండా కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా ఇచ్చాడు, అది ఆనాటి వైద్యం. తన సొంత ఒంటిలోని "ముల్లు" తీసేయమని మూడుసార్లు వేడుకుంటే తీయలేదు, "నా కృప నీకు చాలును" అని విన్నాడు. గెత్సేమనే తోటలో యేసు కూడా రానున్న బాధ అనే గిన్నె తొలగించమని అడిగాడు, తొలగలేదు. విశ్వాసం తక్కువై అంటామా?

జవాబే వినపడని స్థితి ఇంకొకటుంది. కలకత్తా మదర్ థెరిసా తన ఆత్మీయ గురువులకు రాసిన ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చాయి. వాటిని కాల్చేయమని ఆమె కోరింది. దాదాపు 50 ఏళ్లు ఆమెకు లోపల చీకటే, దేవుడు ఉన్నాడన్న అనుభూతి దాదాపు లేదు. చదివినవాళ్లలో కొందరు ఇదంతా నటనా అన్నారు. నాకు మాత్రం వీధి తెలుగులో ఆ మాట గుర్తొచ్చింది, విశ్వాసం. ఏమీ అనిపించకపోయినా తెల్లవారుజామున లేచి పనికి వెళ్లిన 50 ఏళ్లు.

ఇక వాగ్దాన కార్డులు. డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక బుట్టలోంచి ఒక్కొక్కరూ ఒక కార్డు తీసుకుంటాం. ఏటా చాలామందికి వచ్చేది యిర్మీయా 29:11, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." లామినేషన్ చేయించి బీరువాకు అతికిస్తాం. దానికి ఒక్క వాక్యం ముందు ఏముందో కార్డు మీద అచ్చు వేయరు. బబులోనుకు చెరగా పోయిన యూదులకు యిర్మీయా రాసిన ఉత్తరం అది, అక్కడ 70 ఏళ్లు గడవాలని ఉంది. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే పోతారు. వాళ్లకు ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అని యిర్మీయా రాశాడు. వాగ్దానం అబద్ధం కాదు. దాని గడువు మనం ఏటా మార్చే కార్డు కన్నా పెద్దది.

ఆ టై పట్టుకున్న తల్లి ఇంట్లోనూ ఆ ఏటి కార్డు బీరువా మీద ఉంది. ఆమె కొన్ని నెలలు మందిరానికి రాలేదు. తర్వాత వచ్చింది, చివరి వరుసలో కూర్చునేది. పాటలప్పుడు పెదవులు కదిలేవి కావు. ఆమె పక్కన ఒక ముసలావిడ కూర్చునేది. ఏమీ మాట్లాడేది కాదు, పాట వచ్చినప్పుడు పుస్తకం ఆమెకు కూడా కనపడేట్లు పట్టుకునేది. ఏడాది తిరిగాక ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆ తల్లి లేచి నిలబడింది. అందరూ తలలు తిప్పారు. బైబిలు తెరిచి 13వ కీర్తన మొదటి వాక్యం చదివింది. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అంతే చదివి కూర్చుంది.

హల్లెలూయ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. పక్కనున్న ముసలావిడ "ఆమెన్" అన్నది. అయ్యగారు కాసేపు ఆగి, కానుకల పాట నంబరు చెప్పారు.